విప్పడానికి సరే, కట్టడానికి కుదరదు

నాన్న ఉత్తరాల స్కాన్లు పాత రార్ ఫైల్లో, అంటే చాలా ఫైళ్లను కుదించి ఒకే మూటగా కట్టిన ఫైల్లో, ఉన్నాయి. మొన్న లైనక్స్ లాప్‌టాప్‌లో విప్పాను, చక్కగా వచ్చాయి. రెండు పేజీలు తలకిందులుగా ఉంటే సరిచేసి, మళ్లీ కడదామని చూస్తే మెనూలో జిప్ ఉంది, 7జెడ్ ఉంది. రార్ లేదు.

లేకపోవడానికి కారణం సాంకేతికం కాదు, లైసెన్సు. రష్యా ప్రోగ్రామర్ యెవ్గెనీ రోషల్ 1993లో తయారుచేసిన ఫార్మాట్ ఇది. విప్పే ప్రోగ్రామ్ అన్‌రార్ సోర్స్ కోడ్ ఎవరికైనా దొరుకుతుంది. కానీ దాన్ని చూసి రార్ కట్టే ప్రోగ్రామ్ రాయకూడదని షరతు. అందుకే లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్ అన్‌రార్‌ను నాన్-ఫ్రీ, అంటే స్వేచ్ఛ లేని సాఫ్ట్‌వేర్, విభాగంలో పెట్టింది. అది సబబేనని నా అభిప్రాయం. కోడ్ కంటికి కనిపిస్తే చాలదు, దాంతో మన పని చేసుకోనివ్వాలి.

ఫైలు తెరుచుకుంటోంది కదా, ఇంత పట్టింపు దేనికి అంటారు చాలామంది. వాళ్లు ఏస్ ఫార్మాట్‌కి ఏమైందో తెలుసుకోవాలి. ఒకప్పుడు రార్‌కు పోటీగా నడిచిన ఫార్మాట్ అది. ఆ ఫైళ్లు తెరవడానికి విన్‌రార్ (విండోస్‌లో రార్ ఫైళ్లు కట్టే, విప్పే ప్రోగ్రామ్) బయటివాళ్ల డీఎల్‌ఎల్ (వేరే ప్రోగ్రామ్‌లు పిలిచి వాడుకునే కోడ్ ఫైలు) ఒకటి వాడుకునేది. 2019 ఫిబ్రవరిలో చెక్‌పాయింట్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పరిశోధకులు అందులో పెద్ద లోపం బయటపెట్టారు. మోసగాళ్లు పంపిన ఫైలు విప్పితే చాలు, లోపలి ప్రోగ్రామ్ నేరుగా విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లోకి చేరిపోతుంది. మళ్లీ లాగిన్ అవగానే దానంతటదే నడుస్తుంది. ఆ డీఎల్‌ఎల్‌కు 2005 తర్వాత అప్‌డేట్ లేదు, సోర్స్ కోడ్ విన్‌రార్ వాళ్ల దగ్గర లేదు. బాగుచేసే దారిలేక ఏస్ సపోర్ట్‌నే తీసేశారు. కోట్లమంది వాడే సాఫ్ట్‌వేర్ పరిస్థితే ఇది!

నా లాప్‌టాప్‌లో ఉత్తరాలు విప్పింది లిబ్‌ఆర్కైవ్ అనే స్వేచ్ఛా లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రామ్‌లలో వాడుకుని, మార్చుకోగల కోడ్. రార్‌లో కొత్త రకమైన రార్5ను కూడా చదవడం అది 2019లో నేర్చుకుంది. 2023లో విండోస్ 11కు రార్ తెరిచే సౌకర్యం ఇచ్చినప్పుడు మైక్రోసాఫ్ట్ ఆధారపడింది దీనిమీదే. ఇంత చేసినా, రార్ విషయంలో అదీ విప్పడం వరకే. జిప్‌కు ఆ ఇబ్బంది లేదు. దాన్ని రూపొందించిన ఫిల్ కాట్జ్ కంపెనీ 1989లోనే దాని వివరాలు ప్రచురించింది, విప్పే కోడ్, కట్టే కోడ్ రెండూ ఎవరైనా రాసుకోవచ్చు.

యూనికోడ్ అనే ఉమ్మడి అక్షర ప్రమాణానికి ముందు ఎవరి ఫాంటు వారిదిగా టైప్ చేసిన తెలుగు పుస్తకాలను ఇప్పటికీ కన్వర్టర్లలో వేసి, తప్పులు దిద్దుకుంటున్నాం. ఆ కష్టం తెలిసినవాళ్లం, దాచుకునే ఫైళ్లకు మళ్లీ మూసిన ఫార్మాట్ ఎంచుకోకూడదు. నాన్న ఉత్తరాలు జిప్‌లో కట్టి, రెండు కాపీలు తీసి, తమ్ముడికొకటి పంపాను.