భూతద్దం గారికి, ఒక మచ్చ విషయమై

భూతద్దం గారూ,

నమస్కారం. మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు. రోజుకి ఎన్ని కళ్లు మీ మీద వాలిపోతుంటాయో! నిశ్చితార్థం ఉంగరానికి వజ్రం కొనడానికి వచ్చి, మిమ్మల్ని చేతి దూరంలో పట్టుకుని, "ఏమీ కనిపించట్లేదండీ" అన్నవాణ్ణి నేనే. పక్కన మా అక్క ఉంది. ఆవిడ మీ వైపు చూడను కూడా లేదు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

నగల వ్యాపారంలో మిమ్మల్ని లూప్ అంటారట. మాకు మాత్రం మీరు భూతద్దమే. ఈ పేరు ఎవరు పెట్టారో గానీ చూసే పెట్టారు. మీలోంచి చూడనంత సేపూ భూతం లేదు. ఒక్కసారి చూశాక అది వదల్లేదు.

జరిగింది మీకూ తెలిసిందే, అయినా మళ్లీ చెప్తాను. బల్ల మీద తెల్ల కాగితం, కాగితం మీద రెండు రాళ్లు. ఎడమవైపుది చూడగానే నచ్చింది. అది నా బడ్జెట్‌లోనే ఉంది. "ఇది బాగుందండీ" అన్నాను. పిండి కొద్దీ రొట్టె అనుకుని వచ్చినవాణ్ణి, పని అయిపోయిందని లేవబోయాను కూడా. అప్పుడు అమ్మే ఆయన చాలా మర్యాదగా మిమ్మల్ని నా చేతిలో పెట్టి, "ఒక్కసారి దీంట్లోంచి చూడండి సార్" అన్నారు.

మీతో చూడటం అంత తేలికేం కాదు. మిమ్మల్ని కంటికి దాదాపు ఆనించి, రాయిని అంగుళం దూరానికి తెచ్చుకోవాలి. మోచేతులు రెండూ బల్ల మీద ఉండాలి, లేకపోతే చెయ్యి వణుకుతుంది. రెండో కన్ను మూయకూడదు. ఇవన్నీ పాటించి చూస్తే మొదట నా కనురెప్పల వెంట్రుకలు కనిపించాయి. తర్వాత పట్టకారు కొన కనిపించింది. దాన్ని కాస్త గట్టిగా నొక్కేసరికి ఇంకేమీ కనిపించలేదు, రాయి ఎగిరి బల్ల కింద పడింది. నేను, అక్క, అమ్మే ఆయన, ముగ్గురం మోకాళ్ల మీద పాకుతూ వెతికాం. పది రెట్లు పెద్దగా చూపించే మీరు మాత్రం బల్ల మీద హాయిగా పడుకున్నారు. వెతికి పట్టుకుంది మామూలు కళ్లే.

రెండోసారి కనిపించింది. రాయి అంచుకి దగ్గర్లో ఒక నల్ల చుక్క, వాక్యం చివర పెట్టే ఫుల్‌స్టాప్ లాంటిది. నా సంతోషానికి అక్కడే ఫుల్‌స్టాప్ పడింది. మిమ్మల్ని దించి మామూలుగా చూస్తే రాయి ఎప్పటిలాగే మెరుస్తోంది, చుక్క లేదు. కానీ అది ఉందని ఇప్పుడు నాకు తెలుసు. దాంతో నా చూపు రాయి మీద నుంచి, లేని చుక్క మీదికి మారిపోయింది.

దీన్ని క్లారిటీ అంటారని ఆయన వివరించారు. 1931లో అమెరికాలో పుట్టిన జీఐఏ అనే సంస్థ కొలబద్దలో దీనికి 11 మెట్లు. అన్నీ మీ పది రెట్ల సాక్ష్యంతో తేల్చేవే. పైమెట్టు ఎఫ్ఎల్, అంటే మచ్చ లేనిది. అడుగున ఐ3, దాని మచ్చ చూడటానికి మీరు అక్కర్లేదు. మధ్యలో వీవీఎస్, వీఎస్, ఎస్ఐ, ఒక్కోదాంట్లో మళ్లీ 1, 2 అని రెండేసి మెట్లు. తెలుగులో చెప్పుకుంటే, చాలా చాలా స్వల్పంగా మచ్చలున్నవి, చాలా స్వల్పంగా ఉన్నవి, స్వల్పంగా ఉన్నవి. "చాలా" అనే మాటకి ఇంత ఖరీదుంటుందని నాకు తెలియదు. ఒక్కో "చాలా"కీ ఒక్కో రేటు! మచ్చల పేర్లు ఇంకా ముద్దుగా ఉన్నాయి. లోపల పొగలా ఉంటే క్లౌడ్. పగులుంటే ఫెదర్, అంటే ఈక. మా ఇంటి గోడకీ రెండు ఈకలున్నాయి, వానాకాలంలో కారతాయి.

మామూలుగా మనుషుల్లో ఎవరైనా ఇంతంత తప్పుని అంత చేసి చూపిస్తే "ఎందుకయ్యా అన్నీ భూతద్దంలో చూస్తావు" అని విసుక్కుంటాం. రంధ్రాన్వేషణ అని తిడతాం. మీరు అదే పని చేస్తే మాత్రం గ్రేడింగ్ అంటారు, దానికి ఫీజు, సర్టిఫికెట్, సర్టిఫికెట్‌కి ఒక ప్లాస్టిక్ కవరు.

ఆ వెంటనే రెండో రాయిని ముందుకి జరిపారు. వీవీఎస్2. మీతో ఎంత వెతికినా నాకేమీ దొరకలేదు. నిజం చెప్పాలంటే దొరకనందుకు కొంచెం నిరాశపడ్డాను కూడా, అప్పటికే వెతకడం అలవాటైపోయింది. ధర నా బడ్జెట్‌ని దాటి కొంచెం దూరంలో నిలబడి చెయ్యి ఊపుతోంది. "రేపు చెప్తాను" అని వచ్చేశాను.

ఆ రాత్రే ఆన్‌లైన్‌లో మీ తమ్ముణ్ణి ఒకణ్ణి కొన్నాను. మర్నాడు వచ్చాడు. గోళ్లు చూశాను, అద్దంలో నా ముక్కు చూసుకున్నాను (ఈ పని ఎవరూ చేయకండి), చివరికి ఫోన్లో నా బ్యాంకు బ్యాలెన్సు చూశాను. అంకెలు పెద్దవయ్యాయి గానీ మొత్తం పది రెట్లు కాలేదు. లోపాలు పెంచి చూపించడంలో ఉన్న ఉత్సాహం నిల్వలు పెంచడంలో మీ వంశానికి లేదని అప్పుడు తెలిసింది.

వంశం అన్నాను కాబట్టి మీ పెద్దాయన ఒకరి సంగతి గుర్తు చేయాలి. 1772లో ఫ్రాన్స్‌లో లవోయిజియే అనే రసాయన శాస్త్రవేత్త పెద్ద భూతద్దంతో ఎండని ఒకచోటికి పోగేసి వజ్రం మీద పెట్టాడు. వజ్రం కాలిపోయింది. మిగిలింది బొగ్గు కాలిస్తే వచ్చే వాయువే. 1797లో ఇంగ్లండ్‌లో స్మిత్‌సన్ టెనంట్ లెక్కగట్టి, బొగ్గూ వజ్రమూ ఒకే సరుకని తేల్చాడు. అది జరిగిన 150 ఏళ్లకి, 1947లో, డి బీర్స్ కంపెనీ ప్రకటన కోసం ఫ్రాన్సెస్ జెరెటీ అనే కాపీరైటర్ వజ్రం ఎప్పటికీ నిలిచేదని ఒక్క ముక్కలో రాసి ఇచ్చింది. ప్రపంచమంతా నమ్మింది. జెరెటీ మాత్రం జన్మలో పెళ్లి చేసుకోలేదు. 1980లలో అదే కంపెనీ ప్రకటనలు ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టడం సబబని సలహా ఇచ్చాయి. ఎవరి జీతం ఎవరు లెక్కపెడుతున్నారో చూడండి! నా జీతంలో ఇంటద్దె, ఈఎంఐ పోగా మిగిలేది చూడటానికి మీరు నిజంగానే కావాలి.

ఇక మీరు చూపించని వాటి సంగతికి వద్దాం. నాకు మీ మీద అసలు కోపం అక్కడే.

బరువు గురించి ఎక్కువ చెప్పను. క్యారెట్ అంటే 200 మిల్లీగ్రాములు, 1907లో ఖాయమైంది. గుండ్రటి ఒక క్యారెట్ రాయి అడ్డకొలత సుమారు 6.5 మిల్లీమీటర్లు, 0.90 క్యారెట్ రాయిది సుమారు 6.2. ఆ తేడా నాలుగైదు వెంట్రుకల మందం. కానీ అంకె 1.00కి చేరగానే క్యారెట్ రేటే పైకి దూకుతుంది. రంగుకి డి (రంగే లేనిది) నుంచి జెడ్ (లేత పసుపు) దాకా 23 అక్షరాలు. రాయిని బోర్లా పెట్టి, పక్కన నమూనా రాళ్లు పెట్టి పోల్చి ఆ అక్షరం ఇస్తారు. వేలి మీద వజ్రం బోర్లా ఉండదు కదా! పసుపు బంగారంలో పొదిగితే ఐ, జె రంగు రాళ్లు కూడా తెల్లగానే కనిపిస్తాయి.

అసలు కథంతా సానలో ఉంది, దాన్నే కట్ అంటారు. గుండ్రటి వజ్రానికి 57 లేదా 58 ముఖాలు. వాటిని ఏ కోణంలో చెక్కితే వెలుగు లోపలికి వెళ్లి తిరిగి పైకే వస్తుందో, వజ్రాలు సానబట్టే కుటుంబంలో పుట్టిన మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లోనే లెక్కలు వేసి పుస్తకం అచ్చేశాడు. రాయి మరీ పలచనైతే వెలుగు అడుగు నుంచి జారిపోతుంది. మరీ లోతైతే పక్కల నుంచి పోయి, నడుమ చీకటి మిగులుతుంది. మరి లోతుగా ఎందుకు వదిలేస్తారు? చెక్కితే బరువు పోతుంది, బరువు పోతే ధర పోతుంది. అందుకని బరువంతా అడుగున, ఎవరికీ కనిపించని చోట దాచిపెడతారు. కొన్నవాడు ఆ బరువుకి కూడా డబ్బు కడతాడు.

మర్నాడు మళ్లీ వచ్చినప్పుడు ఆ వీవీఎస్2 రాయి సర్టిఫికెట్‌లో కట్ ఎదురుగా "గుడ్" అని ఉంది. నేను సంతోషించాను. గుడ్ అంటే బాగున్నట్టే కదా. కాదట. పైన ఎక్సలెంట్, వెరీ గుడ్ ఉన్నాయి, కింద ఫెయిర్, పూర్ ఉన్నాయి. గుడ్ అంటే ఐదింట్లో మూడోది. మా స్కూల్లో మూడో ర్యాంకుకి కప్పు ఇచ్చేవాళ్లు గానీ, అక్కడ 60 మంది ఉండేవాళ్లం.

అప్పుడు అక్క అంది, "ఒరేయ్, ఈ లైట్ల కింద నా గాజు ముక్క కూడా మెరుస్తుంది. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి చూడు" అని. అమ్మే ఆయన కొంచెం ఆలోచించి ఒప్పుకున్నారు. రెండు రాళ్లనీ చిన్న ట్రేలో పెట్టుకుని, సీలింగులోని లైట్లు వదిలి, మబ్బు పట్టిన పగటి వెలుతురులో నిలబడ్డాం. వీవీఎస్2 ఒక్కసారిగా చల్లబడిపోయింది. మచ్చలేని మనిషి, మాట లేని మనిషి. నడుమ బూడిదరంగు గుండ్రం ఒకటి. పక్కనే నా చుక్క రాయి, గ్రేడు ఎస్ఐ1, కట్ ఎక్సలెంట్, చెయ్యి కొంచెం కదిపితే చాలు, తెల్లగా, మధ్యలో ఎర్రగా, నీలంగా మినుకుమంటోంది. అరచేతి నీడ పట్టినా ఆగలేదు. చుక్క కోసం మామూలు కంటితో వెతికాను. అక్కని వెతకమన్నాను. "ఏ చుక్క?" అంది.

ఎస్ఐ1 రాళ్లన్నీ ఇలాగే ఉంటాయని చెప్పను, కొన్నిటి మచ్చ నేరుగా కంటికే కనిపిస్తుంది, నడినెత్తిన నల్లగా ఉంటే మరీనూ. చుక్క అంచున ఉండటం నా అదృష్టం. రాయిని పట్టి ఉంచే ఉంగరం గోరు ఒకటి దాని మీదికి వచ్చేలా పొదిగించుకోవచ్చని ఆయనే చెప్పారు. అదే అంచుదాకా పాకిన పగులైతే గోరు కింద పెట్టొద్దట, నొక్కుడికి విరగొచ్చు. ఆయన మంచాయనే సుమండీ. చెడ్డ సావాసం మీది.

ఒక్క విషయంలో మిమ్మల్ని మెచ్చుకోవాలి. మాయిసనైట్ అని వజ్రంలాగే మెరిసే ఇంకో రాయి ఉంది. 1893లో ఉల్క పడిన గోతిలో దాన్ని కనిపెట్టిన మాయిసాన్ కూడా మొదట వజ్రమే అనుకున్నాడు. మీలోంచి ఏటవాలుగా చూస్తే దాని వెనక ముఖాల గీతలు రెండేసిగా కనిపిస్తాయి, దొరికిపోతుంది. బాగుంది. కానీ ల్యాబ్‌లో పెంచిన వజ్రాన్నీ భూమిలో దొరికినదాన్నీ పక్కపక్కన పెడితే మామూలుగా మీరు నోరు మూసుకుంటారు. రెండూ వజ్రాలే, తేడా చెప్పడానికి వేరే యంత్రాలు కావాలి. చుక్కని చూసి అంత రాద్ధాంతం చేసినవారు పుట్టుపూర్వోత్తరాల దగ్గర అంత మౌనం వహిస్తే ఎలా? ల్యాబ్ రాయి బాగా చవక, మళ్లీ అమ్మితే దాదాపు ఏమీ రాదు. భూమి రాయి అమ్మినా కొన్న ధర రాదు లెండి. నేను చివరికి ఏది కొన్నానో మీకు చెప్పను. చూసి చెప్పండి.

ఇంతకీ నన్ను నిద్రపట్టకుండా చేసిన ప్రశ్న ఒక్కటే. ఆ చుక్కని రేపు ఎవరైనా చూస్తారా? చూడాలంటే ఆ వ్యక్తి నాకు కాబోయే భార్య చెయ్యి పట్టుకుని, వేలికి అంగుళం దూరంలో కన్ను పెట్టి, మోచేతులు రెండూ ఎక్కడో ఒకచోట ఆనించి, ఊపిరి బిగపట్టాలి. అలాంటివాడు ఎవడైనా ఎదురైతే నా టెన్షన్ వజ్రం గురించి అయితే కాదు.

ఉంగరం ఇచ్చిన రోజే తనకి అంతా చెప్పేశాను. దాచుకోవడం నావల్ల కాదు. "ఏదీ, చూపించు" అని మీ తమ్ముణ్ణి లాక్కుంది. పది నిమిషాలు పట్టింది. "కామాలా ఉంది, ఫుల్‌స్టాప్ ఎవరన్నారు?" అంది. మళ్లీ చూశాను. నిజమే, చిన్న తోక ఉంది.

పోయిన నెల ఒక గోరు వదులైతే ఉంగరం బిగించడానికి ఇచ్చాం. రెండు రోజుల తర్వాత తీసుకోవడానికి వెళ్తే, మా ముందు వరసలో ఒకాయన తన రాయి మారిపోయిందేమోనని గొడవ పడుతున్నాడు. మా వజ్రం నడుం మీద, అంటే చుట్టూ ఉండే అంచు మీద, సర్టిఫికెట్ నంబరు లేజర్‌తో చెక్కి ఉంటుంది గానీ, సగం గోరు కింద దాక్కుంది. తను మిమ్మల్ని అడిగి తీసుకుంది. మోచేతులు బల్ల మీద ఆనించింది, రెండు కళ్లూ తెరిచే ఉంచింది. గోరు పక్కన తోక చివర కొంచెం బయటికే ఉంటుంది. నేను ఊపిరి బిగపట్టి నిలబడ్డాను.

"ఉంది, పద" అంది. మిమ్మల్ని బల్ల మీద పెట్టేసి వచ్చేశాం.

ఇట్లు,
ఎస్ఐ1 వినియోగదారుడు