నాలుగుకి రెండు మార్కులు, ఎర్ర సిరా ఫ్రీ

నిన్న రాత్రి పదిన్నరకి మా అమ్మాయి సోషల్ పేపర్ పట్టుకొచ్చింది, సంతకం పెట్టమని. పదో తరగతి, యూనిట్ టెస్ట్. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత మన దేశంలో జాతీయోద్యమం బలపడడానికి కారణాలు రాయండి, నాలుగు మార్కులు. పిల్ల విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం రాసింది, జలియన్‌వాలాబాగ్ రాసింది, ధరలు, పన్నులు అన్నీ రాసింది. చివర్లో సొంతంగా మూడు లైన్లు చేర్చింది: అదే 1919లో కొరియా, ఈజిప్టు, చైనాల్లో కూడా జనం రోడ్లెక్కారు అని. ఆ మూడు లైన్ల మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా కొట్టేశారు. ఎంత కసిగా అంటే, కాగితం చిరిగి వెనక పేజీలో గోదావరి మీద కూడా ఎర్ర గీత పడింది. పక్కన ‘సిలబస్‌లో లేదు’. నాలుగుకి రెండు.

తప్పు రాసిందా? కొట్టెయ్యండి. గుంజీలు తీయించండి. కానీ పిల్ల రాసింది నిజం కదండీ!

1919 మార్చి 1న, జపాన్ ఏలుబడిలో ఉన్న కొరియాలో, సియోల్‌లో ఏం జరిగిందో తెలుసా? 33 మంది పెద్దమనుషులు జపాన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటిస్తూ సంతకాలు పెట్టారు. తీరా ఆ రోజు, పార్కులో జనం మధ్య చదివితే గొడవలవుతాయని ఓ హోటల్లో కూర్చుని, పోలీసులకు వాళ్ళే కబురు పెట్టి, బుద్ధిగా అరెస్టయిపోయారు. పెద్దలు ఎక్కడైనా పెద్దలే. పార్కులో ఎదురుచూసిన కుర్రాళ్ళు మాత్రం ఆగలేదు, వాళ్ళే చదివేశారు. దేశమంతా అంటుకుంది. యు గ్వాన్ సున్ అని ఒక స్కూలు పిల్ల, సొంతూరు వెళ్ళి జనాన్ని కూడగట్టింది. మరుసటేడు జైల్లోనే చనిపోయింది. పదిహేడేళ్ళు. మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్ద. సిలబస్‌లో లేదు లెండి.

అదే నెల 8న కైరోలో ఈజిప్టు జాతీయ నాయకుడు సాద్ జగ్లూల్‌ని పట్టుకుని బ్రిటిష్‌వాళ్ళు మాల్టాకి పంపేశారు. ఆయన అడిగిందల్లా, యుద్ధం అయ్యాక గెలిచిన దేశాలు పెట్టిన పారిస్ శాంతి సభలో మా మాట మేం చెప్పుకుంటాం అని. ఊళ్ళకు ఊళ్ళు లేచాయి, రైలు పట్టాలు పీకేశారు, ఘోషాలో ఉండే ఆడవాళ్ళు ఊరేగింపు తీశారు. దెబ్బకి వదిలేశారు. తీరా జగ్లూల్ బృందం పారిస్ చేరే వేళకి, ఏ జాతి భవిష్యత్తు ఆ జాతే తేల్చుకోవాలని ఊరూరా మోగిపోయిన అమెరికా అధ్యక్షుడు విల్సన్ గారి ప్రభుత్వం, ఈజిప్టు మీద బ్రిటిష్ పెత్తనాన్ని గుర్తించేసింది! ఎన్నికల ముందు మాట, ఎన్నికల తర్వాత మాట మనకి మాత్రమే సొంతం అనుకుంటాం. చైనా వాళ్ళయితే యుద్ధానికి లక్షకు పైగా కూలీల్ని పంపారు. ప్రతిఫలంగా పారిస్ సభ పెద్దలు చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో జర్మన్ల హక్కులన్నీ తీసుకెళ్ళి జపాన్ చేతిలో పెట్టారు. మే 4న బీజింగ్ విద్యార్థులు ఓ మంత్రి ఇల్లు తగలబెట్టారంటే పెట్టరా మరి?

మనమూ పది లక్షలకు పైగా మనుషుల్ని పంపాం. మనకొచ్చిన బహుమతి రౌలట్ చట్టం. ఇదంతా ఒకే ఏడాది. ఒకే మోసం నాలుగు చోట్ల. పదిహేనేళ్ళ పిల్ల ఎవరూ చెప్పకుండా ఆ ముడి పట్టుకుంటే ముద్దు చేయాలా, మార్కులు కోయాలా?

ఉండబట్టలేక రాత్రే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఇరవై నిమిషాలు నిశ్శబ్దం. తర్వాత ఒకాయన: "సర్, ఎంసెట్‌లో హిస్టరీ ఉండదుగా, ఎందుకు టెన్షన్?" దానికి పదకొండు థంబ్స్ అప్‌లు. లెక్కపెట్టాను.

నిజం చెప్పాలంటే నా మంట నిన్నటిది కాదు. మాది చీరాల. మా ఊరిని, పక్కన పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసి నెత్తిన పన్నులు రుద్దితే, 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద సుమారు 13,000 మంది ఇళ్ళకి తాళాలేసి ఊరి బయట తాటాకు పాకల్లోకి వెళ్ళిపోయారు. ఊరే లేకపోతే పన్నెవడి దగ్గర వసూలు చేస్తాడు! ఎండనక, వాననక పదకొండు నెలలున్నారు. దానికి రామనగర్ అని పేరు. మా నాయనమ్మ వాళ్ళ అత్తగారు ఆ పాకలో కాపురం చేసిన మనిషి. వర్షమొస్తే పొయ్యి మీద తాటాకు గొడుగు పట్టుకుని అన్నం వార్చేదట. నేను పదో తరగతిలో ఈ ముచ్చట క్లాసులో చెప్పబోతే మా మాస్టారు అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "మీ ఇంటి కథలు ఇంటి దగ్గర చెప్పుకో. ఇక్కడ పుస్తకంలో ఉన్నది చదువు." క్లాసంతా నవ్వారు. పుస్తకంలో ఉన్నది ఒక లైను. అందులోనూ ‘చీరాల-పేరాల ఉద్యమ నాయకుడు ఎవరు’ అని ఖాళీ పూరించడానికి పనికొచ్చే లైను. తాటాకు గొడుగు ఏ ఖాళీలోనూ పట్టదు.

ముప్పై ఏళ్ళయింది. మాస్టారు మారారు, ఊరు మారింది, స్కూలుకి ఏసీ వచ్చింది, ఫీజు లక్ష దాటింది. ఎర్ర పెన్ను అలాగే ఉంది.

శనివారం పేరెంట్స్ మీటింగ్. పేపర్ నా బ్యాగులో పెట్టేసుకున్నా. పొద్దున్నే మా అమ్మాయి అది తీసి దాచేసింది. "వద్దు నాన్నా, ఇంటర్నల్ మార్కులు ఇంకా మేడమ్ చేతిలోనే ఉన్నాయి."