నల్ల పరదాతో గది చల్లబడుతుందా? ఒక వైరల్ సందేశానికి వరుసగా జవాబు

ఎండలు ముదిరేసరికి ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇంతే: “కిటికీలకు దళసరి నల్ల బ్లాకౌట్ పరదాలు వేయండి. వెలుతురు ఆగితే వేడి ఆగినట్టే. గుడ్డ ఎంత మందమైతే అంత మేలు. పరదా లేకపోతే అద్దానికి ఫాయిల్ అతికించినా చాలు. చలికాలంలో కూడా పగలూ రాత్రీ మూసే ఉంచండి. బయట నీడకు పెట్టే ఖర్చు దండగ. కరెంటు బిల్లు సగానికి సగం తగ్గుతుంది.” ఇందులో ఒకటి రెండు మాటల్లో కొంత నిజం ఉంది. మిగతావి నమ్మి కొనుక్కుంటే డబ్బూ పోతుంది, వేడీ పోదు.

“వెలుతురు ఆగితే వేడి ఆగినట్టే”

మొత్తం సందేశానికి పునాది ఈ మాటే. తప్పు కూడా ఇక్కడే మొదలైంది.

ఎండలో దాదాపు సగం శక్తి కంటికి కనిపించని పరారుణ కిరణాల రూపంలో వస్తుంది. కనిపించే వెలుతురు కూడా ఏదో ఒక వస్తువు పీల్చుకున్నాక వేడిగానే మారుతుంది. నల్ల గుడ్డ చేసే పని అదే. వెలుతురును గదిలోకి రానివ్వదు, తానే పీల్చుకుని కాగుతుంది. అప్పటికే అది అద్దానికి లోపలి వైపున ఉంది. మామూలు అద్దం ఎండను సులువుగా లోపలికి వదులుతుంది గానీ, కాగిన గుడ్డ నుంచి వెలువడే దీర్ఘతరంగ పరారుణాన్ని నేరుగా బయటికి పోనివ్వదు. కాబట్టి ఆ వేడిలో ఎక్కువ భాగం గదికే చేరుతుంది. మధ్యాహ్నం మూడింటికి పడమటి కిటికీ దగ్గర నల్ల పరదా మీద అరచెయ్యి పెట్టి చూస్తే సంగతి తెలిసిపోతుంది.

అంకెల్లో చూద్దాం. 3 మిల్లీమీటర్ల మామూలు అద్దం తన మీద పడ్డ సూర్యశక్తిలో దాదాపు 87 శాతాన్ని లోపలికి పంపిస్తుంది. కిటికీ 1.2 మీటర్ల వెడల్పు, 1.5 మీటర్ల ఎత్తు అనుకుంటే వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. సాయంత్రపు ఎండ చదరపు మీటరుకు 600 వాట్లుంటే, ఏ అడ్డూ లేనప్పుడు లోపలికి వచ్చేది సుమారు 940 వాట్లు. అంటే ఓ చిన్న రూమ్ హీటర్ ఆన్ చేసి పెట్టినట్టే. ఇక ఏసీ ఇంజనీర్లు దశాబ్దాలుగా వాడుతున్న ఆష్రే (అమెరికాలోని ఏసీ ఇంజనీర్ల సంఘం) పట్టికల ప్రకారం, లోపలి వైపు రోలర్ బ్లైండు (పైనుంచి చుట్టలా దించే తెర) పూర్తిగా దించితే ఆ 940 వాట్లలో ఎంత వస్తుందో ఇలా ఉంటుంది:

వెలుతురు చొరని ముదురు రంగు బ్లైండు: 59 శాతం వేడి లోపలికి వస్తుంది, సుమారు 555 వాట్లు.
వెలుతురు చొరని తెల్ల బ్లైండు: 25 శాతం, సుమారు 235 వాట్లు.
కాస్త వెలుతురు వదిలే లేత రంగు బ్లైండు: 39 శాతం, సుమారు 365 వాట్లు.

మొదటి రెండూ గదిని ఒకేలా చీకటి చేస్తాయి. వేడి విషయంలో మాత్రం రెట్టింపుకు మించిన తేడా. మూడోది చూడండి. గదిలో పుస్తకం చదువుకునేంత వెలుతురు వదులుతూనే నల్లదానికంటే ఎక్కువ వేడిని ఆపుతోంది. లేత రంగు ఎండను పీల్చుకోకుండా, వచ్చిన దారినే అద్దం గుండా తిప్పి పంపుతుంది. కాంతిగా వెనక్కి వెళ్లింది బయటికి పోతుంది, వేడిగా మారింది లోపలే ఉండిపోతుంది.

కాబట్టి చూడాల్సింది పరదా ముఖం కాదు, వీపు. గదివైపు ఏ రంగున్నా ఫర్వాలేదు, అద్దంవైపు తెల్లగా ఉండాలి. ఇప్పటికే నల్ల పరదాలు కొనేసి ఉంటే పారేయనక్కర్లేదు, వెనక తెల్ల లైనింగ్ కుట్టించండి. లైనింగ్ ఎంచుకునేటప్పుడు దాని వెనక నల్ల కాగితం పెట్టి చూడండి. తెలుపు తెలుపుగానే కనిపిస్తే మంచిది. బూడిద రంగులోకి మారితే ఎండ దాన్ని దాటి నల్ల గుడ్డకు తగులుతుందన్నమాట.

“గుడ్డ ఎంత మందమైతే అంత మేలు”

ఒంటి అద్దం కిటికీ మొత్తం ఉష్ణ నిరోధం, అంటే వేడిని దాటనివ్వని గుణం, సుమారు 0.17 (చదరపు మీటరు-కెల్విన్ ప్రతి వాట్‌కు). మిల్లీమీటరు మందమున్న గుడ్డ దానికి కలిపేది 0.02 దరిదాపుల్లోనే. మూడు మిల్లీమీటర్ల ఫెల్ట్ వేసినా 0.07 దాటదు. అదే అద్దానికీ పరదాకూ మధ్య కదలకుండా నిలిచిన గాలి పొర ఒక్కటే 0.15 దాకా ఇస్తుంది. పని చేసేది గాలి, గుడ్డ దాన్ని పట్టి ఉంచే గోడ మాత్రమే. తేనెపట్టు గదుల్లాంటి సెల్యులార్ బ్లైండు తేలికగా ఉండి కూడా బరువైన వెల్వెట్‌ను మించడానికి కారణం ఇదే.

ఆ గాలి కదిలిందా, లాభం పోయినట్టే. వేసవిలో పరదా వెనక గాలి వేడెక్కి పైకి లేచి, రాడ్ దగ్గరి ఖాళీలోంచి గదిలోకి వస్తుంది. కిందినుంచి గది చల్లగాలి ఆ జాగాలోకి పోతుంది. చలికాలంలో ఇదే వ్యవహారం తిరగబడి కింది అంచు నుంచి చలిగాలి జారుతుంది. పరీక్ష సులువు: టిష్యూ కాగితం సన్నగా చీల్చి, ఎండపొద్దున పరదా పై అంచు దగ్గర పట్టుకోండి. రెపరెపలాడుతూ గదివైపు వాలితే అక్కడ లీకు ఉన్నట్టే.

సరిచేసే పద్ధతి ఇది. పైన రాడ్‌కు బదులు సీలింగుకు ఆనుకున్న ట్రాక్ వేయండి, లేదా పైభాగం మూసి ఉన్న పెల్మెట్ (రాడ్‌ను కప్పే పెట్టె) పెట్టండి. పైన తెరిచి ఉన్న పెల్మెట్ అలంకారమే, దానివల్ల గాలి ఆగదు. పరదా కిటికీ చట్రాన్ని దాటి రెండు పక్కలా 10 నుంచి 15 సెంటీమీటర్లు గోడమీదికి రావాలి. చివరి కొక్కెం రాడ్‌కు కాకుండా గోడకే తగిలిస్తే పక్క సందు మూసుకుంటుంది. అక్కడ వెల్క్రో పట్టీ ఇంకా నయం. రెండు రెక్కలు కలిసేచోట 8 నుంచి 10 సెంటీమీటర్లు ఒకదానిమీద ఒకటి పడాలి. కింద నేలను గానీ కిటికీ గట్టును గానీ తాకాలి. చట్రం లోపల బిగించే రోలర్ బ్లైండ్లకు బ్రాకెట్ల మూలంగా గుడ్డకు రెండు పక్కలా ఒకటి రెండు సెంటీమీటర్ల ఖాళీ తప్పదు. పక్క చానెళ్లు (గుడ్డ అంచులు జారే గాడులు) ఉన్నవి తీసుకుంటే ఆ బాధ లేదు. కొలత పైన, మధ్యలో, కింద మూడుచోట్లా తీసి తక్కువ వచ్చిన వెడల్పునే ఆర్డర్ ఇవ్వండి. చట్రాలు కంటికి కనిపించేంత తిన్నగా ఉండవు.

“ఫాయిల్ అతికించినా చాలు”

ఫాయిల్ ఎండను బాగానే తిప్పికొడుతుంది, కాదనడం లేదు. మెరిసే వైపా, మసక వైపా అన్న చర్చ మాత్రం అనవసరం. రెండింటికీ తేడా నామమాత్రం. ఇబ్బంది అద్దంతో వస్తుంది. ఫాయిల్ నుంచి తిరిగివచ్చే ఎండ అద్దంలోంచి రెండోసారి వెళుతుంది. రంగు అద్దమో, తీగ వల ఉన్న అద్దమో, సీలు చేసిన జంట అద్దమో అయితే మధ్యభాగం బాగా వేడెక్కుతుంది, చట్రంలో దాగిన అంచు మాత్రం చల్లగానే ఉంటుంది. మధ్యభాగం వ్యాకోచించి అంచును లాగుతుంది, అంచులో చిన్న గాటున్నా అక్కడే పగులు మొదలవుతుంది. అలాంటి పగులును గుర్తుపట్టడం తేలిక: దెబ్బ తగిలిన ఆనవాలేమీ ఉండదు, అంచుకు లంబంగా బయలుదేరి తర్వాత వంకర తిరుగుతుంది. ఫాయిల్ కావాలనుకుంటే మామూలు ఒంటి అద్దానికే పరిమితం చేయండి.

ఇంకో మాట. ఫాయిల్ పనితనాన్ని పరారుణ థర్మామీటరుతో కొలిచి ఫొటోలు పెట్టేవాళ్లున్నారు. మెరిసే లోహం తన వేడిని చాలా తక్కువగా వెలువరిస్తుంది, ఎదురుగా ఉన్నవాటి వేడినే ప్రతిఫలిస్తుంది. అందుకని అక్కడ కనిపించే అంకె ఫాయిల్‌ది కాదు. దాని మీద నల్ల టేపు ముక్క అంటించి, కాసేపాగి, టేపును కొలవాలి.

సందేశంలో లేదు గానీ బబుల్ షీట్ గురించీ కొందరు అడుగుతారు. చలికి ఒంటి అద్దం మీద అది నిజంగానే ఉపయోగపడుతుంది, గాలి బుడగలు కాబట్టి. పారదర్శకమైనది ఎండను మాత్రం ఆపదు.

“చలికాలంలో పగలూ రాత్రీ మూసే ఉంచండి”

రాత్రి మూయడం సరైనదే. ఎండ పడే కిటికీని పగలు కూడా మూస్తే ఉచితంగా వచ్చే వేడిని కాలదన్నుకున్నట్టు. ఎండ వచ్చాక తెరవండి, పొద్దు వాలగానే మూయండి. నీడలో ఉండే కిటికీని మూసి ఉంచినా నష్టం లేదు.

రోజంతా మూసి ఉంచితే ఇంకో చిక్కుంది. 20 డిగ్రీల గదిలో తేమ 50 శాతం ఉంటే, 9 డిగ్రీల దగ్గర ఆ గాలి నీరు కక్కుతుంది. పరదా బాగా బిగిసేకొద్దీ దాని వెనక అద్దం ఇంకా చల్లబడి, పొద్దుటికి కారిన నీళ్లు గట్టు మీద చేరతాయి. కొన్నాళ్లకు లైనింగ్ కింది అంచున నల్లటి బూజు చుక్కలు కనిపిస్తాయి. ఉదయం తెరిచి, అద్దం తుడిచి, కాసేపు గాలి ఆడనివ్వాలి. కిటికీ కింద హీటర్ రేడియేటర్ ఉంటే పరదా దాని ముందుకు వేలాడకూడదు; గదికి రావాల్సిన వేడిని అద్దానికి అప్పజెప్పినట్టవుతుంది.

“బయట నీడకు పెట్టే ఖర్చు దండగ”

నిజం దీనికి సరిగ్గా వ్యతిరేకం. లోపలి పరదా ఇంట్లోకి వచ్చేసిన వేడితో పోరాడుతుంది. బయటి తెర ఎండను అద్దం దాకా రానివ్వదు, తాను వేడెక్కినా ఆ వేడి బయటి గాలిలోనే కలిసిపోతుంది. అందుకే బయట రంగు గురించి లోపలంత పట్టింపు అక్కర్లేదు. ముదురు రంగు జాలీ అయితే బయటి దృశ్యం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పడమటి కిటికీకి బయట వాలుగా కట్టే ఆనింగ్ (చూరు లాంటి గుడ్డ పందిరి) ఎండ వేడిని 77 శాతం దాకా తగ్గించగలదని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. మెరిసే లోపలి బ్లైండ్లను పూర్తిగా మూసినా ఆ శాఖ ఇచ్చే అంకె 45 శాతం.

అయితే ఏ నీడైనా ఒకటే కాదు. కిటికీ నెత్తిన అడ్డంగా వేసే సన్‌షేడ్ నడినెత్తి ఎండకు పనికొస్తుంది. సాయంత్రం సూర్యుడు 30 డిగ్రీల ఎత్తుకు దిగాక, మీటరున్నర కిటికీని పూర్తిగా నీడలో ఉంచాలంటే సన్‌షేడ్ 2.6 మీటర్లు బయటికి రావాలి. ఎవరూ అంత వేయరు. తూర్పు, పడమర కిటికీలకు నిలువుగా దిగే తెర, చెక్క రెక్కలు, కిందికి బాగా వాలిన ఆనింగ్ కావాలి. తెరకూ అద్దానికీ మధ్య 5 నుంచి 10 సెంటీమీటర్ల ఎడం ఉంచి, పైన గాలి పోయే దారి వదలండి. పక్కన తీగలు గానీ చానెళ్లు గానీ లేని తెర గాలివానకు చిరుగుతుంది, ముందే చుట్టేయండి.

“బిల్లు సగానికి సగం”

పైన చెప్పిన కిటికీనే తీసుకుందాం. ఏ అడ్డూ లేని స్థితి నుంచి తెల్ల బ్లాకౌట్ బ్లైండుకు మారితే తగ్గేది 700 వాట్ల వేడి. అంత గట్టి ఎండ రోజుకు 4 గంటలు పడిందనుకుంటే 2.8 కిలోవాట్ అవర్లు, అంటే 2.8 యూనిట్లు. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో 3.5 యూనిట్ల వేడిని బయటికి తోస్తుందనుకుంటే, మిగిలే కరెంటు రోజుకు 0.8 యూనిట్. నల్ల బ్లైండుకు ఇదే లెక్క వేస్తే 0.44 వస్తుంది. కిలోవాటు కరెంటు తీసుకునే ఏసీ 8 గంటలు ఆగకుండా నడిస్తే 8 యూనిట్లు; అందులో 0.8 అంటే పదో వంతే, సగం కాదు. పైకప్పు, గోడలు, తలుపు సందులు, ఇంట్లోని మనుషులు, వంట, ఫ్రిజ్ తెచ్చే వేడి పరదాతో తగ్గదు. ఒక గదికి పడమట రెండు మూడు పెద్ద అద్దాలుంటే ఆదా బాగా కనిపిస్తుంది. నీడలో ఉన్న ఒకే చిన్న కిటికీకి కనిపించదు. ఇంట్లో అన్ని కిటికీలకూ ఒకేసారి కొనేకంటే ముందు పడమటివి, తర్వాత తూర్పువి చూసుకోండి.