నల్ల ఫినాయిల్ గారికి ఒక పిల్లి యజమాని ఉత్తరం

బాత్రూం మూలన కొలువైన శ్రీమాన్ నల్ల ఫినాయిల్ గారికి,

హన్మకొండ నుంచి నమస్కారాలు. నిన్న మధ్యాహ్నం మా పిల్లి చిట్టి మెడ మీద తమరు వెలగబెట్టిన ఘనకార్యం గురించే ఈ ఉత్తరం.

దాని మెడ మీద ఉన్నది వేరే మగపిల్లి కరిచిన గాటు. వానలకు చిట్టి రెండు రోజులు ఇల్లు చేరలేదు. వచ్చేసరికి వెంట్రుకలు అట్టకట్టి, వాటి కింద రూపాయి బిళ్లంత గుంత. అందులో బియ్యపు గింజల్లాంటి పురుగులు, తలలు లోపలికి, తోకలు బయటికి పెట్టి మెల్లగా కదులుతున్నాయి. ఈగ పెట్టిన గుడ్లు రోజు తిరక్కుండానే పురుగులవుతాయట.

నేను ఆటో పిలుచుకొచ్చేలోపు పక్కింటి పెద్దమ్మ తమరిని పిలిచింది. "బర్రెకు పోస్తే గంటలో రాలిపాయె బిడ్డా, పిల్లికేమైతది?"

ఏమైతదా? బర్రె తన మెడ నాక్కోలేదు. పిల్లి అక్కడ పంజాతో రుద్ది, ఆ పంజాను నాకుతుంది. తమరిలోని ఫీనాల్ లాంటి వాటిని విరిచి బయటికి పంపే శక్తి దాని లివర్‌కు చాలా తక్కువ. పైగా తమరు నీళ్లలో పడగానే పాలలా తెల్లబడతారు. పిల్లి ముందు ఆ వేషం ఎందుకండీ?

డాంబర్ గోళీల పొడి, కిరోసిన్... తమ చుట్టాలకూ ఇదే మాట. నొప్పికి పారాసెటమాల్ సగం బిళ్ల వెయ్యమన్న మెడికల్ షాపు తమ్ముడికి వేరే ఉత్తరం ఉంది. ఆ సగమే పిల్లి ప్రాణం తీయగలదు.

మొదట వెళ్లిన దవాఖానాకు తాళం. రెండోచోట డాక్టరమ్మ వాసన పట్టి, "పోసిందెవరు?" అంది. నేను నేల చూశా. పురుగుల సంగతి తర్వాత, ముందు సబ్బునీళ్లతో నిన్ను కడగడానికే అరగంట! అవును, ఇక నువ్వే. వెంట్రుకలు కత్తిరించి, సిరంజీతో సెలైన్ కొట్టి, పట్టకారుతో ఒక్కొక్కటే తీసింది. నలభై మూడు. లెక్కపెట్టింది నేనే.

ఇంట్లో చేయాల్సిందల్లా ఇంతేనట: కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో చిన్న చెంచా ఉప్పు కలిపి కడగడం, ఈగ వాలకుండా పల్చటి గుడ్డ కప్పడం, వెంటనే బయల్దేరడం. ఇందులో నీ పేరెక్కడుంది? బండలు తుడిచేదానివి, బండలు తుడువు!

రాత్రి చిట్టి రెండు ముద్దలు తిన్నది. పెద్దమ్మ గిన్నె పట్టుకుని గడప దగ్గరే నిలబడ్డది, లోపలికి రాలేదు. ఆమెనేమనగలను? నిన్ను మాత్రం మూత బిగించి అటకెక్కించా.