కోడ్ కంటే ముందు తెల్లకాగితం

శ్రీకాకుళంలో మొదటి ఏడాది ఇంజినీరింగ్ పిల్లలు నన్ను అడిగే తొలి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: “సార్, సీ నేర్చుకోవాలా, పైథానా?” రెండూ ప్రోగ్రామింగ్ భాషలే. నేను మాత్రం ముందు తెల్లకాగితం తియ్యమంటాను.

ఆమధ్య పలాస అమ్మాయికి చిన్న లెక్క ఇచ్చాను. 42, 17, 42, 9, 30. వీటిలో రెండో పెద్ద సంఖ్య కనిపెట్టాలి. సిస్టమ్ ముందు అరగంట కూర్చున్నా తెగలేదు. వాళ్లమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరుతుంది. “అమ్మ ఎలా ఏరుతుందో చెప్పమ్మా” అన్నాను. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. పప్పు చేతికి రాగానే గుండా, బద్దా, ముక్కా అని చూస్తుంది. బద్దలు ఒక పక్కకి, ముక్కలు ఇంకో పక్కకి. గుండయితే సైజు చూసి 240 కుప్పలోకో 320 కుప్పలోకో. (320 అంటే పౌండు బరువుకు దాదాపు 320 పప్పులు తూగే సైజు.) బుట్ట ఖాళీ అయ్యేదాకా అదే వరస. కోడ్‌లో వాడే ఇఫ్ (ఇలా అయితే), ఎల్స్ (కాకపోతే), వైల్ లూప్ (అయ్యేదాకా మళ్లీ మళ్లీ) మూడూ ఆ అమ్మాయికి ముందే తెలుసు. వాటిని అడుగులుగా రాసుకోవచ్చని ఎవరూ చెప్పలేదంతే.

తర్వాత కాగితం మీద రెండు గడులు గీసింది: పెద్దది, రెండోది. రెండింట్లోనూ సున్నా పెట్టింది. ఒక్కో సంఖ్యా చదువుతూ గడులు దిద్దుకుంటూ వెళ్లి, రెండో 42 దగ్గర పెన్ను ఆపేసింది.

“సార్, ఇదీ నలభై రెండే. రెండోది 42 అనాలా, 30 అనాలా?”

నా లెక్కలో ఆ సంగతి నేనే చెప్పలేదు. అడిగినవాడి ప్రశ్నలోని ఖాళీని పట్టుకోవడం ఈ విద్యలో సగం పని. ఒకే సంఖ్య రెండుసార్లు వస్తే ఒక్కటిగానే లెక్కపెట్టమన్నాను, 30 వచ్చింది. ఈసారి -5, -8, -3 ఇచ్చాను. పెద్దది సున్నా అని తేలింది. జాబితాలో సున్నాయే లేదు! తనే కొట్టేసి, ఈసారి ‘పెద్దది’ గడిలో మొదటి సంఖ్యనే పెట్టి, ‘రెండోది’ ఖాళీగా ఉంచి మొదలెట్టింది.

మన ల్యాబుల్లో దీనికి చోటు లేదు. సీనియర్ ల్యాబ్ రికార్డు చూసి ఎక్కించడం, వైవాకి (నోటి పరీక్షకి) బట్టీ పట్టడం. ఇప్పుడు సీనియర్ స్థానంలో చాట్‌జీపీటీ వచ్చింది. అవుట్‌పుట్ కనిపిస్తే సంతకం పడుతుంది. పిల్లల్ని తప్పుపట్టను, మార్కులు దేనికి పడితే వాళ్లు అదే చేస్తారు. ఎర్రర్ వస్తే మాత్రం “నా వల్ల కాదు సార్” అని కుంగిపోతారు. బైనరీ సెర్చ్ (వరసగా పేర్చిన జాబితాలో ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతికే పద్ధతి) 1946లోనే అచ్చయినా, ఎన్ని సంఖ్యలకైనా పనిచేసే రూపం 1960 దాకా అచ్చులో రాలేదని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ రాశారు. పండితులకే 14 ఏళ్లు పట్టింది. మనం వీళ్లకి ఒక్క ల్యాబ్ పీరియడ్ ఇస్తున్నాం.

కొట్టివేతలున్న ఆ చిత్తుకాగితాన్ని రికార్డులో అంటించనివ్వండి. పదింట అయిదు మార్కులు దానికే వెయ్యండి.