గాజు వేణువు గారికి, వినలేకపోయిన శ్రోత రాయునది

మహారాజశ్రీ గాజు వేణువు గారి సముఖానికి నమస్కారాలు.

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇక్కడ నేనేమీ కుశలంగా లేను. మీరు మాత్రం క్షేమమేనని మీ పెట్టెలో ఉన్న చిన్న మీటరు చెప్పింది. ఉష్ణోగ్రత ఇంత, తేమ ఇంత, అంతా సలక్షణం.

నిన్న మధ్యాహ్నం మ్యూజియంలో రెండు గంటలు మీ ఎదుట నిలబడ్డవాణ్ణి నేనే. గుమ్మం దగ్గర బోర్డు మీద "3 గంటలకు గాజు వేణువు స్వరం వినండి" అని రాసి ఉంటే నమ్మాను. మూడున్నరకి ఒకాయన వచ్చి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా, ఆ బోర్డుని గోడవైపు తిప్పి వెళ్ళిపోయాడు. ఏమైందని బయట అడిగితే "లోపల కనుక్కోండి" అన్నారు. లోపల అడిగితే "బయట బోర్డు చూడలేదా?" అన్నారు.

చూశానండీ. చూడబట్టే కదా ఈ ఖర్మ.

మీరు గాజు, మీ పెట్టె గాజు, పైన నాలుగు దీపాలు. అందుకని ఆ రెండు గంటల్లో నేను ఎక్కువసేపు దర్శించుకున్నది నా బట్టతలనే. మీ పక్కన పెట్టిన చీటీలో అక్షరాలు చీమలు కూడా వంగి చదువుకోవాల్సినంత ఉన్నాయి. ఆడియో గైడ్‌లో మీ నంబరు నొక్కితే ఒక పెద్దమనిషి నెపోలియన్ కాలపు పారిస్ గురించి నాలుగు నిమిషాలు చెప్పాడు. రాజులొచ్చారు, యుద్ధాలొచ్చాయి, వేణువు మాత్రం రాలేదు. ఒక్క 'స' అయినా వినిపిస్తే ఆయన సొమ్మేం పోయింది?

సరే, ఇవన్నీ వదిలేస్తాను. నాకు మింగుడుపడనిది వేరే ఉంది.

అసలు మీరెందుకు పుట్టారండీ? పారిస్‌లో గడియారాలు చేసుకునే క్లోద్ లోరాన్ 1806లో గాజు వేణువుకి పేటెంటు ఎందుకు తీసుకున్నట్టు? చెక్క వేణువు తేమకి ఉబ్బుతుంది, పొడిగాలికి బీటలు వారుతుంది, వాతావరణం మారితే శ్రుతి తప్పుతుంది. గాజుకి ఆ పేచీ లేదు, ఎండైనా వానైనా ఒకటే శ్రుతి. ఇదే కదా మీ వంశం గొప్ప! అలాంటి మీరు ఇప్పుడు ఏసీ గదిలో, చల్లదనం కాస్త తగ్గితే నలుగురు పరిగెత్తుకొచ్చేంత సుకుమారంగా పడుకున్నారు. నా దగ్గరున్న మామూలు వెదురుముక్క వంటగదిలో పొయ్యి పక్కన పడి ఉంటుంది. ఊదితే పలుకుతుంది.

పైగా మీది క్రిస్టల్ అని గొప్ప పేరు. అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు తమ దగ్గరున్న లోరాన్ వేణువుల్ని పరీక్షిస్తే, అసలైన సీసపు క్రిస్టల్ రెండే తేలాయి. మిగతావన్నీ పొటాష్ గాజు, అంటే పొటాష్ అనే క్షారం కలిపి చేసినది. ఆ గాజుకి తేమ తగిలితే లోపలి క్షారం మెల్లగా బయటికి ఊరుతుంది. తర్వాత గాజు మసకబారుతుంది, సన్నని పగుళ్ళు పడతాయి. తేమ అంటే ఎక్కడిదో వరద నీరు కాదు సుమా, ఊదేవాడి ఊపిరి! ఊపిరే పడని వేణువట. ఇంకెందుకయ్యా నువ్వు? నీళ్ళంటే భయపడే చేపవి! తేమకి జంకనని పేటెంటు పుచ్చుకుని పుట్టి, తేమకే వణుకుతూ రెండొందల ఏళ్ళుగా పడుకుని, నన్ను రెండు గంటలు నిలబెడతావా?

మీ ఇంటిదే ఇంకొకటుంది. 1813లో చేసి అమెరికా అధ్యక్షుడు మాడిసన్‌కి ఇచ్చినది. ఆయన పేరు వెండి మీద చెక్కించారు. ఆ రెండు అసలు క్రిస్టల్ వాటిలో అదొకటి. 2022లో వాషింగ్టన్ కచేరీ వేదిక మీద అమెరికన్ పాప్ గాయని లిజ్జో దాన్ని పెదవికి ఆనించి నాలుగు స్వరాలు పలికించింది. అదేం పగిలిపోలేదు. జనం మాత్రం ఈలలు వేసి గోల చేశారు. ఆవిడ ఊదగా లేంది, నీకేం రోగం?

కోపంలో ఏకవచనం దొర్లింది, క్షమించండి. నిజానికి మీ మీద నాకింకా గౌరవం ఉంది. చెక్క మీదైతే రంధ్రాలు మూసే మీటలు నిలబెట్టడానికి దిమ్మెలు చెక్కుకోవచ్చు, గాజు మీద ఎలా చెక్కుతారు? అందుకే లోరాన్ చిన్న వెండి స్తంభాలు లేపి వాటి మధ్య మీటలు బిగించాడు. ఈనాటి లోహపు ఫ్లూట్ల మీద మీటలు నిలబడేది అలాంటి స్తంభాల మీదే. 1847లో బోమ్ అనే జర్మన్ వేణువుల తయారీదారు లోహపు వేణువుతో వచ్చి మీ తలుపులు మూసేశాడు గానీ, ఆ స్తంభాలు మాత్రం వదల్లేదు. ఈ సంగతి మీ చీటీలో లేదు. మీ పొడవు మాత్రం మిల్లీమీటర్లతో సహా ఉంది.

వెళ్ళేముందు ఎవరూ చూడట్లేదనుకుని వంగి, మీ పెదవి రంధ్రానికి ఎదురుగా పెట్టె అద్దం మీద ఒక్కసారి ఊదాను. చప్పుడేమీ రాలేదు. గుండ్రంగా ఆవిరి పట్టింది, అంతే. గార్డు వచ్చాడు, నావైపు చూశాడు, జేబులోంచి గుడ్డ తీసి దాన్ని తుడిచేశాడు.

ఇట్లు,
వచ్చే శనివారం మళ్ళీ రాబోయే మీ శ్రోత