మంచులో హాయి అంట!

సంక్రాంతికి హైదరాబాద్ వస్తే చాలు, చుట్టాలందరిదీ ఒకటే మాట: "మీకేంరా, హాయిగా మంచులో ఉంటారు!" ఈ మాట అనే మా పిన్ని కూకట్‌పల్లిలో పదిహేను డిగ్రీలకే మంకీ క్యాప్ తీయదు. 2019 జనవరి 30న మా షికాగోలో దాదాపు మైనస్ 31 డిగ్రీలు, తెలుసా పిన్నీ?

చెత్త పడేసి రావాలన్నా థర్మల్స్, స్వెటర్, జాకెట్, బూట్లు, గ్లవ్స్. అన్నీ తగిలించుకున్నాక లోపలి ప్యాంటు జేబులో ఫోన్ మోగుతుంది. ఎత్తాలా, వదిలేయాలా?

ఇంటి ముందు కాలిబాట మీద మంచు మనమే ఎత్తాలి, లేకపోతే సిటీ వాళ్లు జరిమానా వేస్తారు. అది సరే. అసలు గోల పార్కింగ్‌ది. వీధిలో కారు పట్టేంత చోటు తవ్వుకుని, ఆఫీసుకి పోతూ అక్కడ ఓ విరిగిన కుర్చీ పెట్టి పోతారు. అచ్చం మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద కర్చీఫ్ వేసినట్టే! చట్టం ఒప్పుకోదు, అయినా ఆ కుర్చీ జరిపే ధైర్యం ఎవరికీ ఉండదు. జరిపితే తర్వాత మన కారు గతేంటో వేరే చెప్పాలా? కుర్చీలే కాదు, ఇస్త్రీ బల్లలు కూడా చూశాను. (అమెరికా అంటే అంతా రూల్సే అనే మా బాబాయికి ఇది చూపించాలి.)

ఇక రోడ్డు మీద చల్లే ఉప్పు. మంచు కరుగుతుంది, నిజమే. చలి మరీ ముదిరితే అదీ కరిగించదు. కారు అడుగు మాత్రం ఆ ఉప్పుకి తుప్పు పడుతుంది.